అందరూ దాటిన వంతెన

గిద్దలూరు,
9-1-1961

ప్రియమైన లింగన్నకు,

నీ తమ్ముడు వహాబు సలాములు. ఇక్కడ అమ్మ, నేను, నీ మరదలు బాషాబీ క్షేమం. అక్కడ చెంచులక్ష్మి వదిన, నీ గొర్రెలు క్షేమమని తలుస్తాను. వదిన పేరు ముందు రాశాను, చూశావా? పోయినసారి గొర్రెల్ని ముందడిగానని ఆమె అలిగిందట కదా.

అన్నా, ఒక బొమ్మ వచ్చింది. వచ్చి నా నిద్ర పాడుచేసింది.

మా రేకుల హాల్లో ఆదివారం పొద్దుటాటకు ఇంగ్లీషు బొమ్మ వేస్తారని నీకు తెలుసు. జనానికి ఇంగ్లీషు రాదు కాబట్టి మిషను గదిలో నుంచే నేను మైకు పట్టుకుని కథ చెబుతాను. నాకూ ఇంగ్లీషు రాదన్న సంగతి మేనేజరు మాల్యాద్రికి, నీకు, అల్లాకు తప్ప ఎవరికీ తెలియదు. కత్తియుద్ధాల బొమ్మలైతే ఇబ్బంది లేదు. ‘ఇప్పుడు చూడండి, కొడతాడు’ అంటే చాలు, వాడు కొట్టేస్తాడు. ఇది అట్లాంటిది కాదు. ఒక జనరల్ దొర కథ.

ఎక్కడిదో మంచు దేశం. మంచు పడుతుంటే మా అమ్మ ‘పైన ఎవరో దూది ఏకుతున్నారురా’ అంది. ఆ దొర కుంటివాడు. మనుషులతో కంటే తన గుర్రంతో ఎక్కువ మాట్లాడతాడు. చలికి వణికే సిపాయిల కంబళ్లు గుంజుకుని ఫిరంగులకు కప్పిస్తాడు. నేను మైకులో ‘వీడు మనిషి కాదు’ అనబోయాను. అంతలోనే తన కంబళి కూడా తెచ్చి ఆ ఫిరంగి మీదే కప్పి, తాను గుర్రం పక్కన ముడుచుకుని పడుకున్నాడు. మైకు దించేశాను. హాల్లో సగం మంది ఈల వేశారు, సగం మంది తిట్టారు. బయట సోడాబండి దగ్గరా అదే గోల. ఒకాయన ‘పిచ్చినాయాలు’ అంటాడు, ఇంకొకాయన ‘అట్లాంటోడు ఉండబట్టే గెలిచినారు’ అంటాడు. తీసినవాడు మాత్రం ఏదీ తేల్చడు. ఆ ముఖం దగ్గరగా చూపించి ఊరుకుంటాడు. పన్నెండేళ్లుగా బొమ్మలు వేస్తున్నాను, ఇట్లా ఒక మనిషిని తెచ్చి నా చేతికిచ్చి ‘నువ్వే చెప్పు’ అన్న బొమ్మను చూడలేదు.

ఆఖర్న ఒక నది వస్తుంది. ఒడ్డు కనపడనంత పొగమంచు. దాని మీద వంతెన. శత్రువు తరుముకొస్తుంటే, తన పటాలంలో సగం మంది ఇంకా అవతలే ఉండగా దొర వంతెన పేల్చేయమంటాడు. పేలుస్తారు. యుద్ధం అయిపోయాక ముసలివాడైన ఆయన్ను కోర్టులో కూర్చోబెట్టి, ఆ పని చేసిందెవరని అడుగుతారు. ఆయన ఒక చిన్న మాట అంటాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. చెవికి వినిపించినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను: ‘ది ఆర్డర్ వాజ్ మైన్’. దీని అర్థమేంది? వెనక కాగితంలో ఇంకా పదకొండు మాటలున్నాయి, అన్నిటికీ అర్థాలు రాసి పంపు.

నువ్వు దొరల కింద పనిచేసినవాడివి. నువ్వూ మా జానీ అన్నా ఒకే రోజు పటాలంలో చేరారు. ఆయన బర్మా ఆసుపత్రిలో జ్వరంతో పోయాడు, నువ్వు తిరిగొచ్చావు. యుద్ధం చూసిన మనిషివి నాకు నువ్వొక్కడివే. ఒక్క ఆదివారం రా అన్నా. నేను చెప్పే కథలో తప్పులుంటే నీకు తప్ప ఎవరికి తెలుస్తాయి?

నీ రాక కోసం మిషను గది కిటికీలో నుంచి చూస్తుండే
వహాబు


బేస్తవారిపేట,
16-1-1961

తమ్ముడు వహాబుకు లింగయ్య దీవెనలు.

నీ కాగితం అందింది. పన్నెండు మాటలకూ అర్థాలు రాశాను. మూడో మాట బూతు. మైకులో చెప్పకు, మీ అమ్మ ముందు బెంచీలో ఉంటుంది.

నువ్వు మరీ మరీ అడిగిన మాటకు అర్థం ‘ఆజ్ఞ నాది’ అని. అంతే. దానికి నువ్వు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఆ మాట అనడం ఏ దొరకైనా సులువే. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత చెబుతారు. పదిహేనేళ్లుగా గొర్రెల్ని కాస్తున్నాను, అది వాటి మీద వేసిన నింద. పటాలాలకైతే సరిగ్గా సరిపోతుంది.

నేను రాను. మందలో తొమ్మిది ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి. నిన్న పుట్టిన పిల్ల ఒకటి తల్లి పాలు పట్టక నా ఒళ్లోనే ఉంది, ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో రాస్తున్నాను. ఈ ఏడు చలి కూడా ఎక్కువ. కంభం చెరువు మీద తెల్లవారి మంచు లేస్తే అవతలి గట్టు కనపడదు. అట్లాంటి పొద్దుల్లో నేను మందను అటు తోలను. పొద్దెక్కి గట్టు కనపడ్డాకే కదులుతాను. చెంచులక్ష్మి నన్ను సోమరి అంటుంది. అననీ.

అమ్మను అడిగానని చెప్పు. ఆమె మోకాలి నొప్పికి ఆముదం కాచి పంపుతున్నాను.

లింగయ్య


గిద్దలూరు,
23-1-1961

ప్రియమైన లింగన్నకు,

ఆముదం అందింది, అర్థాలు అందాయి, తిట్లు కూడా అందాయి. నువ్వు రాకపోతివి గాని, నిన్న నా మానం పోయేదే. అల్లా దయవల్ల మిగిలింది. విను.

తొమ్మిదో రీలులో పటాలంలో ముందు సగం పొగమంచులో వంతెన దాటుతుంది. పదో రీలులో వంతెన పేలుతుంది. నిన్న పొద్దున డబ్బాల మూతలు తారుమారై పదోది ముందు ఎక్కించాను. వంతెన ఢామ్మని పేలింది. అయ్యో, తప్పు జరిగిందని నాకు అప్పటికి తెలిసింది. రీలు మధ్యలో ఆపితే జనం కుర్చీలు విరుస్తారు. అది అయ్యాక గబగబా తొమ్మిదోది ఎక్కించాను. ఇంకేముంది, తెల్లగుడ్డ మీద పేలిపోయిన వంతెన మళ్లీ చెక్కుచెదరకుండా ఉంది! దాని మీద మంచులో నుంచి ఒక్కొక్కరే వస్తున్నారు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మైకు అందుకుని అన్నాను: ‘దొర మనసు మారింది. కొత్త వంతెన కట్టించినాడు. అదిగో చూడండి, అవతల చిక్కుకున్నోళ్లంతా దాటి వస్తన్నారు.’

అన్నా, హాలు లేచి నిలబడింది. చప్పట్లు రేకుల మీద వానలా మోగాయి. పొగమంచులో ముఖాలు తెలియవు, నడకలు మాత్రం తెలుస్తాయి. ఒకడు కుంటుతూ, ఒకడు ఇంకొకణ్ణి భుజాన వేసుకుని, తొందర లేకుండా కలలో నడిచినట్టు వస్తూనే ఉన్నారు. రేకుల చిల్లుల్లో నుంచి పడే ఎండ చుక్కలు వాళ్ల ఒంటి మీద మెరుస్తున్నాయి. చెప్పేవాణ్ణి నేనే అయినా నాకే ఒళ్లు పులకరించింది. ఆ వెలుగు దారి మీద నేనే వాళ్లను చేయి పట్టుకుని తీసుకొస్తున్నట్టు అనిపించింది.

ఇంటికొచ్చాక అమ్మ నా తల నిమిరింది. ‘ఎంతమంది తల్లుల పిల్లలో! అందరూ ఒడ్డుకొచ్చినారు, సల్లగుండాల’ అని కళ్లు తుడుచుకుంది. వచ్చే ఆదివారం కూడా అట్లాగే వెయ్యమంది. మాల్యాద్రి కూడా అదే మాట, హాలు నిండింది కదా. కాబట్టి ఇక నుంచి మా గిద్దలూరు హాల్లో వంతెన ముందు పేలుతుంది, జనం తరువాత దాటుతారు. తీసినవాడు వచ్చి అడిగితే అప్పుడు చూసుకుందాం.

పొంగిపోయి ఉన్న
నీ వహాబు


బేస్తవారిపేట,
31-1-1961

వహాబుకు,

మొన్న చెంచులక్ష్మి వాళ్ల చిన్నాయన ఇంటికని గిద్దలూరు వచ్చి మీ హాల్లో బొమ్మ చూసింది. ఇంటికొచ్చినప్పటి నుంచి ఒకటే పాట. ‘ఏందయ్యా, యుద్ధంలో అందరూ చచ్చిపోతారని బెదిరిస్తివే? వంతెన కూలిపోయినాక గూడ దొర మళ్లా కట్టించి ఒక్కర్ని ఇడవకుండ దాటించినాడు. నువ్వెప్పుడూ ఇట్లాంటి మంచి సంగతి చెప్పకపోతివి’ అంటుంది. నా చేతిలో ఉన్న పాలచెంబు విసిరికొట్టాను. ఇరవై ఏళ్లలో ఆమె మీద నేను చెయ్యి గాని, చెంబు గాని ఎత్తినవాణ్ణి కాదు. ఆమె ఏడుస్తూ కూర్చుంది, నేను మంద దగ్గరికి పోయి కూర్చున్నాను.

రీళ్లు సరిగ్గా పెట్టు. పేలిన వంతెన పేలినట్టే ఉండాలి. అవతలివాళ్లు అవతలే ఉండాలి. వాళ్లను నడిపించడానికి నువ్వెవరివి? చచ్చినవాళ్లతో ఆటలాడకు.

లింగయ్య


గిద్దలూరు,
6-2-1961

ప్రియమైన లింగన్నకు,

నీ కాగితం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివితే ఏడుపొస్తుందని మడిచిపెట్టాను. బొమ్మ మీద ఇంత కోపమేంది అన్నా? ముందు వదినకు క్షమాపణ చెప్పు. నాకు తరువాత చెబుదువు గాని.

నువ్వన్నది నిజమే, రీళ్లు తిప్పి ఆ దొరకు నేను లేని మంచితనం అంటగట్టాను. ఇట్లా చేశాక ఆయన కథలో పస పోయింది. కోర్టులో ‘ఆజ్ఞ నాది’ అంటుంటే జనం నవ్వుతున్నారు. అందర్నీ దాటించినవాడు నేరస్తుడిలా కూర్చోవడమేందని వాళ్లకు అర్థం కావడం లేదు. నిన్న నేను ఒక్కణ్ణే ఆ రీళ్లు సరిగ్గా వేసుకుని, మైకు లేకుండా చూశాను. వంతెన పేలాక దొర ముఖం ఎంతసేపు చూపిస్తాడో తెలుసా? ఏడవడు. కళ్లు కూడా ఆర్పడు. గుర్రం వచ్చి ఆయన చేతిని ముక్కుతో పొడిస్తే, దాన్ని పక్కకు తోసేస్తాడు. అంత ప్రేమగా చూసుకున్న గుర్రాన్ని! ఇక తాను దేనికీ తగనని ఆయనకు తెలిసిపోయిందని నాకనిపించింది. ఆయన మంచివాడా చెడ్డవాడా అని నన్నడిగితే ఈరోజుకీ చెప్పలేను. ఇది నిజంగా గొప్ప బొమ్మ, అన్నా. దాన్ని నేను పాడుచేశాను, ఒప్పుకుంటాను.

కానీ అమ్మ సంగతి చెప్పు. ఆమె ప్రతి ఆదివారం తెల్లవారే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, హాలు తలుపులు తీయకముందే వచ్చి కూర్చుంటుంది. ఆమెకు తన కొడుకు ఎక్కడున్నాడో తెలుసు. ఆసుపత్రిలో పోయాడు, చింతచెట్టు కింద పడమటి ముఖంగా మట్టి ఇచ్చారు, నువ్వు దగ్గరుండి పిడికెడు మన్ను వేశావు. నువ్వు చెప్పిన ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్లు బతికింది. ‘నా బిడ్డ సంగతి నాకు తెలుసు, తెలియని తల్లుల కోసం ఏడుస్తున్నా’ అంటుంది ఆ వంతెన మీది జనాన్ని చూసి. అట్లాంటి మనిషికి ఏమని చెప్పి రీళ్లు మార్చను?

నువ్వే రా. వచ్చి చూసి, మార్చమని ఆమెకు నువ్వే చెప్పు. అప్పుడు మారుస్తాను.

నీ మీద అలిగినా నీవాడే అయిన
వహాబు


బేస్తవారిపేట,
14-2-1961

తమ్ముడు వహాబుకు,

మొన్న ఆదివారం వచ్చాను. కంభంలో పాసింజరు ఎక్కి, గిద్దలూరులో దిగి, తలకు కండువా చుట్టుకుని వెనక బెంచీలో గోడ వారగా కూర్చున్నాను. నువ్వు చూడలేదు. చూడకూడదనే అట్లా వచ్చాను.

బొమ్మ గురించి నువ్వు రాసినవన్నీ నిజమే. ఆ దొరను నేను ద్వేషిద్దామని వచ్చాను, చేతకాలేదు. ఇక ఆ నది వచ్చింది. వంతెన పేలింది. నా చెవులు మూసుకుపోయాయి. తరువాత ఆ తెల్లటి మంచులో వాళ్లు నడిచి వస్తుంటే, ‘అదిగో వస్తన్నారు’ అని పై నుంచి నీ గొంతు వినపడింది. నీకు తెలుసో లేదో, నీ గొంతు అచ్చంగా జానీ గొంతే. మీ అమ్మకు తెలిసే ఉంటుంది. చీకట్లో మనిషి కనపడకుండా ఆ గొంతు వినేసరికి ఎక్కడున్నానో మరిచిపోయాను. నేను కూడా లేచి నిలబడి ఆ మనుషుల్లో ఒకణ్ణి వెతికాను. రెండు గంగాళాలు కావడికి కట్టుకుని, కాస్త వంగి నడిచేవాణ్ణి. రీలు అయిపోయేదాకా వెతికాను.

ముందు బెంచీలో మీ అమ్మ చప్పట్లు కొడుతోంది. ఆమె వెనక జుట్టంతా తెల్లబడింది. నేను బయటికొచ్చేశాను. స్టేషను దాకా ఎట్లా నడిచానో తెలియదు.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు.

జానీ జ్వరంతో పోలేదు. ఆసుపత్రి లేదు, చింతచెట్టు లేదు. నేను మన్ను వేయలేదు.

పటాలానికి పోకముందు మేమిద్దరం మార్కాపురం పలకల గనిలో పనిచేశాం. నేను రాతికి మందు కూరి పేల్చేవాణ్ణి, జానీ కూలీలకు వండేవాడు. ఆ పని చూసే నన్ను వంతెనలు కట్టే, కూల్చే కంపెనీలో తీసుకున్నారు. జానీ వంటకు చేరాడు. బర్మాలో మాకూ ఒక నది అడ్డం వచ్చింది. ఆ బొమ్మలోది వేరే దేశం, వేరే దొర. నది మాత్రం అదే అనుకో. మా వాళ్లలో చాలామంది అవతలి ఒడ్డున శత్రువును ఆపుతున్నారు. తెల్లవారుజామున జానీ వాళ్లకు అన్నం తీసుకుని వంతెన మీద అటు పోయాడు. నేను ఇవతల పేల్చే పెట్టె దగ్గర కూర్చున్నాను. వాడు మంచులో కలిసిపోయేదాకా చూశాను.

కాసేపటికి కెప్టెన్ దొర గడియారం చూసి, కానీయమన్నాడు. ‘మనోళ్లు అవతలున్నారు సార్’ అన్నాను. పైనుంచి ఆజ్ఞ అన్నాడు. పావుగంట ఆగమని బతిమాలాను. ఆయన ముఖం తిప్పుకుని మళ్లీ అదే మాట అన్నాడు.

మన గనుల్లో మందు పేల్చేముందు మూడు కేకలు వేస్తాం. ‘మందూ...’ అని. మొదటి కేకకు పనిముట్లు దించుతారు, రెండో కేకకు గట్టెక్కుతారు, మూడో కేకకు అందరూ ఒక్కొక్కరే తమ పేరు చెప్పి పలుకుతారు. ఒక్క పేరు తక్కువైనా పేల్చకూడదు. మా నాయన నేర్పింది అది. పన్నెండేళ్ల వయసు నుంచి నేను ఏ ఒక్కరోజూ తప్పలేదు. ఆ పొద్దు కేక వేస్తే శత్రువుకు తెలుస్తుందని వెయ్యనివ్వలేదు. ‘జానీ’ అని ఒక్కసారి కేక వేసి ఉంటే వాడు పరుగెత్తి వచ్చేవాడేమో. కేక వెయ్యలేదు. పిడి తిప్పాను.

ఆ తరువాత అవతలి నుంచి కేకలు వినపడ్డాయి. అందరూ పేర్లు చెబుతున్నట్టే అనిపించింది నాకు. మంచు విడిచేలోపు మమ్మల్ని అక్కడి నుంచి కదిలించారు.

తిరిగొచ్చాక మీ అమ్మ నన్ను పట్టుకుని, ఆచూకీ లేదని వచ్చిన సర్కారు కాగితం చూపించింది. ‘కాగితం నాకొద్దు, నువ్వు చెప్పు లింగా, నా బిడ్డకు మన్ను దక్కిందా?’ అంది. దక్కిందన్నాను. ఎక్కడ అంది. చెట్టు కింద అన్నాను. ఏ చెట్టు అంది. చింతచెట్టు అన్నాను. ఒక్కో ప్రశ్నకు ఒక్కో అబద్ధం కట్టుకుంటూ పోయాను. ఆమె నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. ఆ తరువాత మందు పని ముట్టుకోలేదు, గొర్రెలు కొనుక్కున్నాను.

‘ఆజ్ఞ నాది’ అని మీ బొమ్మ దొర అంటే నువ్వు నిద్రపోలేదు. ఆయన పుణ్యాత్ముడు, ఆ ఒక్క మాటైనా చెప్పుకున్నాడు. ఆజ్ఞ ఎవరిదైనా చెయ్యి నాది. ఆ మాట చెప్పడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది.

అమ్మకు చెబుతావో చెప్పవో నీ ఇష్టం. నిన్ను తమ్ముడా అనే హక్కు నాకు లేదు గాని, అలవాటైపోయింది.

లింగయ్య


గిద్దలూరు,
24-3-1961

లింగయ్యకు,

నీ కాగితం వచ్చిన మూడోరోజు రంజాను నెల పట్టింది. ఉపవాసంలో కోపం పెట్టుకోకూడదంటారు. నాకు నెలంతా కోపమే. నీళ్లు మాని నిన్ను తిట్టుకున్నాను, నమాజులో నిలబడి నిన్ను తిట్టుకున్నాను. బేస్తవారిపేట వచ్చి నీ కాలర్ పట్టుకుందామని రెండుసార్లు స్టేషను దాకా పోయి తిరిగొచ్చాను. మా అన్న పోయినందుకు కాదు నా కోపం. యుద్ధమంటే పోతారు, అది తెలుసు. మా ఇంట్లో పదిహేనేళ్లు పెద్దకొడుకులా కూర్చుని, మా అమ్మ పెట్టింది తిని, లేని చింతచెట్టుకు ఆమెతో దువా చేయించావే, అందుకు.

నీ కాగితం వచ్చాక మొదటి ఆదివారం రీళ్లు సరిగ్గా వేశాను. మైకు ముట్టుకోలేదు. వంతెన పేలింది. అటువైపువాళ్లు అటే ఉండిపోయారు. ఆఖర్న దొర నోరు విప్పినప్పుడు ఒక్కటే చెప్పాను: ‘ఆజ్ఞ నాది అంటన్నాడు.’ ఈల లేదు, తిట్టు లేదు. అందరూ నెమ్మదిగా లేచి ఎండలోకి పోయారు. మాల్యాద్రి డబ్బా కట్టి వెనక్కి పంపించేశాడు.

అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి ‘ఎందుకు మార్చినావు?’ అని అడిగింది. పండగ దాకా ఆగాను. పండగ మరునాడు నీ కాగితం మొత్తం చదివి వినిపించాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఒకచోట మార్చుదామని నోటి దాకా వచ్చింది, మింగేశాను. అబద్ధాలు అతికించడం ఇక చాలనిపించింది.

ఆమె ఏడవలేదు. ‘అయితే మన్ను లేదు’ అంది. అంతే. రెండు రోజులు వాకిట్లో కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటే బాషాబీ భయపడి ఆమె పక్కనే కూర్చుంది. మూడోరోజు పొద్దున నన్ను పిలిచి ఒకే ఒక్క మాట అడిగింది. ఆమె అన్నట్టే రాస్తున్నాను:

‘ఆ పొద్దు అటు పోయే ముందు నా బిడ్డ ఏమన్నా తిన్నాడో లేదో లింగణ్ణి అడుగు. వాడికి తెలుసు.’

నాకు నీతో మాటల్లేవు. ఆమె అడిగింది కాబట్టి రాస్తున్నాను. తిన్నాడని రాయడం నీకు మూడక్షరాల పని, ఆమె మనసు చల్లబడుతుందని కూడా నీకు తెలుసు. కానీ ఈసారి అబద్ధం రాస్తే నేను పట్టుకుంటాను. నేనూ ఆ విద్యలోవాణ్ణే.

అబ్దుల్ వహాబ్


బేస్తవారిపేట,
27-3-1961

లాల్బీ అమ్మకు, లింగయ్య నీ పాదాలకు మొక్కి రాసేది. వహాబు చదివి వినిపిస్తాడు.

తినలేదమ్మా.

నాకు తెలుసన్నావు, తెలుసు. ఆ పొద్దు పొయ్యి దగ్గర నుంచి వాడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మూడు రొట్టెలు, పప్పు తెచ్చాడు. నేను రెండు చాలన్నాను. ‘తిను లింగా, ఆ పెట్టె కాడ ఎంతసేపు కూసోవాల్నో ఏందో’ అని మూడోది కూడా చేతిలో పెట్టాడు. ‘మరి నువ్వో?’ అన్నాను. ‘అవతలోళ్లకు పెట్టొచ్చి తింటాలే, వాళ్లు నిన్నటి నుంచి పస్తున్నారు’ అన్నాడు. నేను తింటుంటే ఎదురుగా గొంతుకూర్చుని చూశాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందా అని అడిగాడు. సరిపోయిందన్నాను. నిజంగానే సరిపోయింది. గిన్నె కడుక్కుని, గంగాళాలు కావడికి కట్టుకుని పోయాడు.

నేను ఆ మూడు రొట్టెలూ తిన్నాకే పిడి తిప్పానమ్మా. తిన్నాడని రాద్దామని కలం పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. చెంచులక్ష్మికి నిన్ననే అంతా చెప్పాను. ఆమె అంది, ‘ఆ తల్లి అడిగింది బిడ్డ ఆకలి గురించి. దాంట్లో గూడ అబద్ధమాడితే నీకు పుట్టగతులుండవు’ అని.

గురువారం పాసింజరుకు ఇద్దరం వస్తున్నాం. ఈసారి కండువా చుట్టుకోను. మీ వాకిట్లో కూర్చుంటాను. నువ్వు తిట్టినా, కొట్టినా, లేచి పొమ్మన్నా నీ ఇష్టం. ఏమీ అనకుండా లోపలికి పోయినా, సాయంత్రం దాకా కూర్చుని, మళ్లీ గురువారం వస్తాను.

నీ బిడ్డ చేతి తిండి తిన్నవాడు,
లింగయ్య